సింధీ నాయకుడికి మిగిలిన భాష

మా వృత్తిలో గెలుపోటములు తేలిగ్గా తెలిసిపోతాయి. రోగి మాట్లాడితే గెలిచినట్టు, మాట్లాడకపోతే ఓడినట్టు. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకు మళ్ళీ మాట నేర్పే పనిలోనే బెంగళూరులో నా సర్వీసంతా గడిచింది. అన్నేళ్ళలోనూ, నోట మాట వచ్చినందుకు కుంగిపోయిన మనిషి నాకు ఒక్కరే తగిలారు. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లోని మా ఫ్లాటుకు వచ్చి, మీకు బాగా గుర్తున్న కేసు చెప్పండి మేడమ్ అంటారు. వాళ్ళు ఆశించేది ఏదో అద్భుతం. నేను చెప్పేది ఈ కథ.

నా రిటైర్మెంటు దగ్గర పడుతున్న రోజుల్లో ఆయన్ని మా ఆసుపత్రికి తెచ్చారు. డెబ్బై దాటిన మనిషి. పుట్టింది పాకిస్తాన్‌లో, చేతిలో ఉన్నది యూరప్ పాస్‌పోర్టు. మెదడులో ఎడమవైపు నెత్తురు గడ్డ, కుడి చెయ్యి పడిపోయింది, మాట లేదు. మాకు తెలిసింది ఇంతే. ఇంతకు మించి తెలుసుకోవాలని కూడా ఎవరికీ అనిపించలేదు. ఆసుపత్రిలో మనిషి చరిత్ర అంటే బీపీ, షుగరు, ఆపరేషన్లు.

మా విభాగంలో రోగులను భాషను బట్టి పంచుకునేవాళ్ళం. తెలుగు, కన్నడం నావి. తమిళం ఇంకొకరిది. పాకిస్తాన్ అనగానే ఆయన్ని లక్నో నుంచి వచ్చిన మా సహోద్యోగికి అప్పగించారు. నాకంటే చాలా చిన్నది, చురుకైనది, ఉర్దూ వాళ్ళింటి భాష. మొదటి వారంలోనే ఆమె ఆయనతో 'పానీ' అనిపించింది. తరువాత 'బస్', అంటే చాలని, ఆ తరువాత 'తకలీఫ్', నొప్పిగా ఉందని. పది రోజులు తిరగకుండానే ఆయన చిన్న చిన్న వాక్యాలు కూడదీసుకుంటున్నారు. అంత పెద్ద గడ్డ వచ్చినవాళ్ళు అంత త్వరగా మాట్లాడటం మేము చూడలేదు. ఆమె సంతోషం పట్టలేక స్టాఫ్ రూముకు మైసూర్‌పాక్ డబ్బా తెచ్చింది. "మా నానమ్మ కూడా ఇంత శుభ్రమైన ఉర్దూ మాట్లాడదు. ఆ ఉచ్చారణ వినాలి మీరు" అంది. మేమంతా తిన్నాం.

మర్నాటి నుంచి ఆయన నోరు తెరవడం మానేశారు. ఆమె గదిలోకి రాగానే గోడవైపు తిరిగి పడుకునేవారు. బొమ్మల కార్డులు చూపిస్తే కళ్ళు మూసుకునేవారు. ఆ అమ్మాయి బెంగ పెట్టుకుంది. కేసు షీటులో 'సహకరించడం లేదు' అని రాశారు, మానసిక వైద్యుడికి కబురు పెట్టారు. మా న్యూరాలజిస్టు కోలారు మనిషి. కన్నడంలో మొదలుపెట్టిన ఏ మాటనైనా తెలుగులో ముగించేవాడు. ఆయన నన్ను కారిడార్లో ఆపాడు.

"చూడమ్మా, ఈ ముసలాయనకు మెదడు బాగుపడతా ఉండాది, మనిషి పాడైపోతా ఉండాడు. నువ్వొకసారి పోయి చూడు."

నేను వెళ్ళేసరికి మంచం పక్కన కుర్చీలో ఒక షావుకారు కూర్చుని ఉన్నాడు. అరవై ఏళ్ళుంటాయి. తెల్లటి సఫారీ, వేళ్ళకు రెండు ఉంగరాలు. నా పేరు బిళ్ళ చూసి తెలుగులోకి దిగాడు.

"మేడమ్, మీరు తెలుగోళ్ళా? మాది చిక్కపేటలో చీరల హోల్‌సేలు. హిందూపురం, అనంతపురం పార్టీలంతా మా దగ్గరికే వస్తారు. మేము సింధీలం. ఈయప్ప మా ఇంటికి వచ్చినోడే."

ఆ తరువాత అతను చెప్పింది విన్నాక, తిన్న మైసూర్‌పాక్ గుర్తొచ్చి నాకు కొంచెం ఇబ్బందిగానే అనిపించింది.

మంచం మీద ఉన్నది సింధీ జాతీయవాద నాయకుడు. సింధు నది సముద్రంలో కలిసే ఆ ప్రాంతానికి తన భాష, తన నీళ్ళు, తన పాలన తనకే ఉండాలని కుర్రతనం నుంచీ పోరాడినవాడు. దేశ విభజన తరువాత అక్కడ ఉర్దూ రాజ్యభాష అయింది. హిందువులు వదిలిపోయిన నగరాలు ఇండియా నుంచి వలస వెళ్ళిన ఉర్దూవాళ్ళతో నిండాయి. సొంత నేల మీద సింధీ పల్లెటూరి భాషగా మిగిలింది. ఈయన కాలేజీలో ఉండగానే ఆ గొడవలో దిగారు. లాఠీలు తిన్నారు, జైళ్ళు చూశారు, ఒక పార్టీ కట్టారు. చివరికి ప్రాణానికే ముప్పు వచ్చి దేశం వదిలి యూరప్‌లో తలదాచుకున్నారు. అక్కడి నుంచే మూడు పదులకు పైగా ఏళ్ళు పార్టీ నడిపారు. ప్రసంగాలు రికార్డు చేసి పంపితే ఊరూరా వినేవాళ్ళట.

"కోర్టులో జడ్జి ఉర్దూలో అడిగితే, సింధీలో తప్ప జవాబు చెప్పనని కూచున్నోడు మేడమ్" అన్నాడు షావుకారు గొంతు తగ్గించి. "ఆ మొండితనానికే ఇంకా కొన్నేండ్లు లోపల పెట్టిరి. బయటికొచ్చినాక ఉర్దూ ముక్క నోట్లోంచి రానియ్యలేదు. ఇప్పుడు మీవాళ్ళు అదే ఉర్దూని ఆయన నోట్లోంచి బయటికి తీసి, స్వీట్లు పంచుకుంటా ఉండారు."

"ఎవరు చెప్పారు స్వీట్ల సంగతి?"

"ఆ పాపే తెచ్చి ఈయప్పకు కూడా ఒకటి పెట్టె."

ఆయన బెంగళూరు రావడం వెనక పెద్ద కారణమేమీ లేదు. షావుకారు పూర్వీకులదీ ఆయనదీ ఒకే ఊరు, ఇళ్ళు పక్కపక్కనే. విభజనప్పుడు వీళ్ళు హిందువులు కాబట్టి ఓడెక్కి వచ్చేశారు, వాళ్ళు ముస్లిములు కాబట్టి ఉండిపోయారు. షావుకారు తల్లి చిన్నప్పుడు ఆయన పెద్దక్కతో ఆడుకునేదట. అక్క పోయింది. ఆమె ముఖం గుర్తున్న మనిషి ఈ లోకంలో ఇంకొకరు మిగిలారని తెలిసి చూడటానికి వచ్చారు. ఇండియాలో అడుగుపెట్టకూడదని ఆయన జీవితమంతా ఒట్టు పెట్టుకున్నవాడే. పెడితే, ఇంట్లో కూర్చున్నప్పుడే ఇండియా ఏజెంటు అన్నవాళ్ళు ఇంకా గట్టిగా అంటారు. ముసలితనంలో ఎవరికీ చెప్పకుండా ఒక వారానికని వచ్చారు. వచ్చిన మూడో రోజు పొద్దున చిక్కపేట కొట్లో, హమాలీలు చీరల మూటలు దింపుతుండగా, చూస్తూ చూస్తూ పక్కకు ఒరిగిపోయారు.

నేను మంచం దగ్గరికి వెళ్ళి హిందీలో అడగబోయి ఆగాను. షావుకారుని సింధీలో అడగమన్నాను: మీకు ఏ భాష కావాలి?

షావుకారు తడబడుతూ అడిగాడు. ఆయన గోడ మీది నుంచి చూపు తిప్పి అతని వైపు చూశారు. ఎడమచేతితో అతని నోటి వైపు చూపించారు. ఆ చెయ్యి దించలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. నాలుగైదు భాషలు వచ్చినవాళ్ళకు మెదడు దెబ్బతింటే ఏ భాష ముందు తిరిగి వస్తుందో ఎవరూ చెప్పలేరు. అమ్మ భాషే ముందు వస్తుందని అందరూ అనుకుంటారు. చాలాసార్లు వస్తుంది కూడా. ఒక్కొక్కసారి బడిలో నేర్చినది వస్తుంది, లేదా కొట్లో బేరాలాడినది. ఎందుకని మా న్యూరాలజిస్టుని అడిగాను. ఆయన ఆలోచించి, "దేవుడు తికమక పడినాడు" అన్నాడు. పుస్తకాల్లో దీనికంటే పొడవైన జవాబులు ఉన్నాయి కానీ, ఇంతకంటే ఎక్కువేమీ చెప్పవు.

కేసు నా చేతికి వచ్చింది. లక్నో అమ్మాయి బాధపడింది, అయినా ఒప్పుకుంది. చిక్కల్లా, నాకు సింధీ అక్షరం ముక్క రాదు. షావుకారు సింధీ ఎంత అని అడిగితే "నాకు లెక్కలేసుకునేదానికి, మా అమ్మ దగ్గర తిట్లు తినేదానికి సరిపోతాది" అన్నాడు. పిల్లలకు అదీ లేదు. కాబట్టి ఆ తిట్టే అమ్మనే రప్పించాం.

ఆవిడ ఎనభై దాటిన మనిషి. సన్నగా, కోపంగా ఉండేది. చిక్కపేట గద్దె మీద కూర్చుని ఏళ్ళ తరబడి చీరలు అమ్మిన తెలుగు ఆవిడది. మా నాన్న బళేపేటలో గాజుల కొట్లో గుమాస్తా అని నేను చెప్పాక నన్ను సొంత కోడలిలా చూసింది, అంటే మాట మాటకీ తప్పులు పట్టింది.

ఏర్పాటు ఇది. ఆవిడ సింధీలో మాట్లాడుతుంది, నేను ఆయన నోటినీ నాలుకనీ చూస్తాను. ఆవిడ చెప్పేదంతా ఆయనకు తెలుస్తున్నట్టు మొదటి రోజే తేలిపోయింది. ఆవిడ ఏదో పాత సంగతి చెప్పగానే సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వారు. ఏదో బదులు చెప్పబోయారు. ఉర్దూ వచ్చింది. చటుక్కున ఎడమచేత్తో నోరు మూసుకున్నారు.

"ఏమ్మా, నేను చెప్పేదంతా ఈయప్ప బుర్రకు ఎక్కుతా ఉండాది" అంది ఆవిడ నాతో. "జవాబు మాత్రం పోలీసోళ్ళ భాషలో ఇస్తాడు."

సింధీని నేను అర్థాల వైపు నుంచి కాక నోటి వైపు నుంచి నేర్చుకున్నాను. ఉర్దూలో నీళ్ళు 'పానీ'. సింధీలో 'పాణీ'. తేడా ఆ 'ణ' ఒక్కటే. మనకు అదేమంత గొప్ప కాదు, తెలుగు పిల్లలు బడిలో చేరకముందే నాలుక మడిచేస్తారు. ఆయన నాలుక మడత పడలేదు. ఇంకా కష్టమైనవి ఉన్నాయి. సింధీలో కొన్ని హల్లులు ఊపిరి బయటికి వదిలి కాదు, లోపలికి గుంజి పలకాలి. బుడగ మింగినట్టుంటుంది. ఆ భాషలో 'భాష' అన్న మాటే అలాంటి 'బ'తో మొదలవుతుంది. బోలీ. మామూలు 'బ'తో ఎవరైనా అంటారు, కానీ అది సింధీ కాదు. ఆయన అద్దం ముందు కూర్చుని ఆ ఒక్క మాట కోసం చేసిన ప్రయత్నం నేను పక్కన కూర్చుని చూశాను. పెదవులు మూసేవారు, గొంతు కిందికి దించేవారు, ఏదీ జరిగేది కాదు. మళ్ళీ మూసేవారు. కొన్నాళ్ళకు ఆయనకంటే ముందు నాకు వచ్చింది. ఆయన ముందు ఎప్పుడూ పలకలేదు.

'ణ' మాత్రం ఒక మధ్యాహ్నం వచ్చింది. ఆవిడ ఎవరినో తిడుతోంది. ఆయన నా వైపు తిరిగి 'పాణీ' అన్నారు. చక్కగా, గుండ్రంగా. నేను ఇంకోసారి అంటారేమోనని చూస్తున్నాను. షావుకారు కూడా చూస్తున్నాడు.

"నీళ్ళు అడిగితే ఇయ్యకుండా సుమ్నే చూస్తా కూచుంటారేమి!" అని ముసలావిడ కసిరింది. అప్పుడు ఇచ్చాం.

ఆ తరువాత కూతురు వచ్చింది. యూరప్‌లో లైబ్రరీలో పని చేస్తుంది. నలభై దాటిన, నిదానమైన మనిషి. నాతో ఇంగ్లీషులో మాట్లాడేది. తండ్రి ఉర్దూ మొదటిసారి విన్న రోజు బయటికి వచ్చి బెంచీ మీద కూర్చుండిపోయింది.

"మా ఇంట్లో ఉర్దూ పాట వస్తే రేడియో కట్టేసేవారు. నా పెళ్ళి కూడా దాదాపు ఆగిపోయింది, అబ్బాయి వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడతారని. ఇప్పుడు చూస్తే ఆయన ఇంత అందంగా మాట్లాడుతున్నారు. ఇది ఎక్కడ దాచారు? నాకు జాలి వేయాలి కదా, కోపం వస్తోంది" అంది.

నిజమే, ఎక్కడిది అంత ఉర్దూ? బడిలో నేర్చింది అలా ఉండదు. కొన్ని వారాల తరువాత ఆయనే చెప్పారు. సింధీలో అప్పటికి కొన్ని పదుల మాటలే వచ్చాయి. మిగతా అవసరాలకు నాతో ఉర్దూ వాడటానికి రాజీపడ్డారు. నేను సింధీ మనిషిని కాదు కాబట్టి అది లెక్కలోకి రాదనుకున్నారేమో. ముక్కలు ముక్కలుగా చెప్పింది ఇది. జైల్లో ఒంటరి గదిలో వేశారు. పక్క గదిలో కరాచీ మిల్లు యూనియన్ మనిషి ఒకడు ఉండేవాడు. ఉర్దూవాడు, ముఖం ఎన్నడూ చూడలేదు. గోడకు పైన గాలి కోసం పెట్టిన కంతలోంచి మాట్లాడుకునేవాళ్ళు. "ఆ గోడ లేకపోతే పిచ్చివాణ్ణయ్యేవాణ్ణి. అతనికి సింధీ రాదు. కోర్టులో సింధీ, గది లోపల ఉర్దూ. బయటికి వచ్చాక ఆ మాట ఎవరికీ చెప్పలేదు" అన్నారు. అతనేమయ్యాడని అడిగాను. చెయ్యి ఆడించారు. తెలియదనో, అడగొద్దనో.

ఇలా సాగుతుండగా పార్టీ మనిషి దిగాడు.

యూరప్‌లోనే లాయరు. పార్టీలో ఆయన తరువాత ఇతనే. మంచివాడే, ఆయనంటే ప్రాణం. అయితే ఊరికే రాలేదు. నాయకుడు కనబడక నెలలవుతోంది. చనిపోయాడని కొందరు, ఇండియాకు అమ్ముడుపోయాడని కొందరు పుకార్లు పుట్టించారు. పార్టీలోనే రెండు గుంపులు తయారై కుర్చీ కోసం కాచుకుని ఉన్నాయి. పార్టీ పుట్టినరోజు దగ్గర పడింది. ఏటా ఆ రోజు ఆయన సందేశం వెళ్ళాలి. ఈసారి వెళ్ళకపోతే పార్టీ ముక్కలవుతుందని అతని భయం. వచ్చింది ఒక వీడియో కోసం.

"రెండే రెండు వాక్యాలు డాక్టర్" అన్నాడు నాతో. నేను డాక్టరును కానని రెండుసార్లు చెప్పి ఊరుకున్నాను. "నేను బతికే ఉన్నాను. మన పోరాటం ఆగదు. ఈ రెండూ సింధీలో అనిపించండి చాలు."

అది మా వృత్తిలో ఎప్పుడూ వచ్చే తగాదానే. రెండు వాక్యాలు చిలకపలుకుల్లా బట్టీ పట్టించవచ్చు. దానికి ఒక పద్ధతి ఉంది. రాగం లాగా సాగదీస్తూ, ఎడమచేత్తో బల్ల మీద తాళం వేయిస్తూ అనిపిస్తాం. కానీ అలా వచ్చిన వాక్యం ఆ గది దాటి ఎందుకూ పనికిరాదు. ఆ సమయంలో అన్నం, నిద్ర, నొప్పి లాంటి మాటలు వస్తే మనిషి బతకడానికి ఉపయోగం. నేను ఆయన్నే అడిగాను. ఆయన పార్టీ మనిషి వైపు చూశారు, తరువాత తాళం వేయడానికి బల్ల మీద చెయ్యి పెట్టారు. రోగి ఎంచుకున్నాక మనం చేయాల్సింది అదే.

చేశాం. ముసలావిడ వాక్యం పాడేది, ఆయన తాళం వేసేవారు. మొదటి వాక్యం నాలుగింట మూడుసార్లు వచ్చేది. రెండోది తిన్నగా నడిచి చివర్లో కూలిపోయేది.

రికార్డింగు మా థెరపీ గదిలోనే, ఉదయం ఓపీ మొదలవకముందు పెట్టుకున్నారు. గోడ మీది బొమ్మల చార్టులు తీసేశాం. పార్టీ మనిషి ఎర్రటి అచ్చు శాలువా తెచ్చాడు, వాళ్ళ ప్రాంతపు గుర్తు అది. ఆయన భుజాల మీద కప్పాడు. షావుకారు అలవాటు కొద్దీ దాని అంచు రెండు వేళ్ళతో నలిపి చూసి, నా చెవిలో "మెషిన్ ప్రింటు" అన్నాడు. కూతురు తండ్రికి తల దువ్వింది. ముసలావిడను కెమెరాకు కనబడకుండా తలుపు పక్కన కూర్చోబెట్టారు. ఇండియా ముసలావిడ కనబడితే ప్రమాదమట.

మొదటిసారి మొదలుపెట్టారు. 'నేను' అన్న మాట సింధీలో వచ్చింది. తరువాత ఏదీ రాలేదు. రెండోసారి వాక్యం సగం నడిచి ఉర్దూలోకి జారింది. మూడోసారి మొదటి మాటే ఉర్దూ. ఆయన నుదుటి మీద చెమట పట్టింది. నేను చాలు అన్నాను. పార్టీ మనిషి ఫోనులో కెమెరా ఆపి, కూతురితో గబగబా సింధీలో ఏదో చెప్పాడు. ఆమె ముఖం మారిపోయింది. నాకు ఇంగ్లీషులో చెప్పింది: పాత ప్రసంగాలు చాలా ఉన్నాయి. ఆయన పెదవులు కదిపితే చాలు, గొంతు వాటిలోంచి తెచ్చి అతికిస్తారు. ఇప్పుడది పెద్ద పని కాదు.

"పెదవులు కదపగలరు కదా డాక్టర్?" అన్నాడు అతను.

"కదపగలరు."

"అంతే కావాలి. ఆయన గొంతే కదా. ఆయన మాటలే కదా. ఇందులో అబద్ధమేముంది?"

అతను దొంగ కాడు. కళ్ళలో నీళ్ళు ఉన్నాయి. పార్టీ పగిలితే అక్కడ జైళ్ళలో ఉన్న కుర్రవాళ్ళను పట్టించుకునేవాళ్ళుండరు, నిజంగానే. కూతురు వద్దంది, అతను బతిమాలాడు, ఆమె అరిచింది. అందరూ ఆయన ముందే మాట్లాడుతున్నారు. మాట పోయినవాళ్ళ ముందు జనం ఇలాగే మాట్లాడతారు, చెవులు కూడా పోయినట్టు. ఆయనకు ఒక్క ముక్క కూడా తప్పిపోదని గుర్తుంచుకుంది ముసలావిడ ఒక్కతే.

"గలాటా చాలించండప్పా" అంది తెలుగులో, ఎవరికి అర్థమవుతుందో పట్టించుకోకుండా. తరువాత ఆయన వైపు తిరిగి సింధీలో ఏదో అడిగింది. 'అదా' అని మొదలుపెట్టింది. అంటే తమ్ముడూ అన్నట్టు. ఏమడిగారని తరువాత షావుకారుని కనుక్కున్నాను. "నీకేం కావాలప్పా అని అడిగె. అంతే."

ఆయన శాలువా తీసేశారు. ఎడమచేత్తోనే, కొంచెం కష్టపడి. మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. కెమెరా వైపు చూసి, మొదలుపెట్టు అన్నట్టు వేలు ఆడించారు. పార్టీ మనిషి పెదవుల కదలిక కోసమనుకుని రికార్డింగు మొదలుపెట్టాడు.

ఆయన ఉర్దూలో మాట్లాడారు. తడబడుతూ, మధ్యలో ఆగుతూ, కానీ వాక్యం తరువాత వాక్యం.

"సోదరులారా. నేను ఏ భాషలో మాట్లాడుతున్నానో మీకు వినిపిస్తోంది. నాకూ వినిపిస్తోంది. నన్ను ఎవరూ కొట్టలేదు, కొనలేదు. నెత్తురు గడ్డకట్టింది. మన భాష గడ్డకు అవతల ఉంది. నేను రోజూ వెళ్ళి తలుపు కొడుతున్నాను. నాయకుడికి గొంతు ఉండాలి. నాకు లేదు. ఇంకొకరిని పెట్టుకోండి. కొట్టుకోకండి."

అక్కడ ఆగి, ఇంకొకటి చెప్పాలని చాలాసేపు ప్రయత్నించారు. అది సింధీ మాట అని ఆ పెదవుల బిగింపు చూసి నాకు తెలిసింది. బోలీ అనే మాట. ఊపిరి లోపలికి గుంజుతున్నారు. రాలేదు. మామూలు 'బ'తో అనేయవచ్చు, అనలేదు. తల అడ్డంగా ఊపి, చాలు అన్నారు.

లక్నో అమ్మాయి ఓపీ మొదలుపెట్టడానికి వచ్చి ఎప్పుడు నిలబడిందో తెలియదు, గుమ్మంలో కళ్ళు తుడుచుకుంటోంది. పార్టీ మనిషి ఫోను దించి, "ఇది పంపలేను సాహెబ్" అన్నాడు. ఆయన చెయ్యి చాచారు. అతను చాలాసేపు ఇవ్వలేదు. చివరికి ఇచ్చాడు. ఆయన దాన్ని కూతురి చేతిలో పెట్టారు. ఆమె అక్కడే, మా గదిలోనే, దాన్ని పార్టీవాళ్ళందరికీ పంపేసింది. నేను ఆ రోజు మొదటి రోగిని లోపలికి పిలిచాను. మెజెస్టిక్ దగ్గర ఆటో నడిపే ఆయన. నాలుగు రోజులుగా 'శివాజీనగర' అనడానికి కష్టపడుతున్నాడు.

తరువాత జరిగింది మీరు ఊహించగలరు. కొందరు ఏడ్చారట. కొందరు అది నకిలీ వీడియో అన్నారు. నిజాయితీగా తీసిన ఒకే ఒక్క వీడియోకు పట్టిన గతి అది. కొందరు ఇండియా డాక్టర్లు ఆయన మెదడులో ఏదో చేశారని కనిపెట్టారు. దాని మీద వచ్చిన యూట్యూబు చర్చల్లో 'ఒక భారతీయ మహిళ' గురించి మాట్లాడారని కూతురు చెప్పింది. గోడకు ఆనించిన అద్దంలో నా మోచెయ్యి కనబడిందట. నా ఉద్యోగ జీవితంలో నన్ను అంత ముఖ్యమైనదానిగా ఇంకెవరూ గుర్తించలేదు. ఒక పోలీసాయన కూడా వచ్చి అరగంట కూర్చున్నాడు. పేషెంటు మీతో ఏమేం మాట్లాడినాడు అని అడిగాడు. ఎక్కువగా నీళ్ళు అడిగారని చెప్పాను, రాసుకున్నాడు. పార్టీ రెండు ముక్కలైంది. వీడియో పంపకపోయినా అయ్యేదేనని లాయరే తరువాత ఒప్పుకున్నాడట. కాబట్టి ఆ రోజు వల్ల ఆయనకు రాజకీయంగా ఒరిగింది ఏమీ లేదు.

ఇంకో మూడు వారాలు నాతో పని చేశారు. ఆ వారాల్లో సింధీ మాటలు ఎక్కువ నేర్చుకున్నారు. అన్నం, చలి, అక్క, కోపం. వెళ్ళే రోజు ముసలావిడ కిందికి రాలేదు, మోకాళ్ళ నొప్పులని చెప్పింది. లిఫ్టు ఉంది.

నేను రిటైరై కొంతకాలమైంది. కిందటేడు కూతురు బెంగళూరు వచ్చి ఫోను చేసింది. ముసలావిడ అప్పటికే పోయింది. షావుకారుని పలకరించి వస్తూ నన్ను చిక్కపేట మెట్రో దగ్గర దర్శిని హోటలుకు రమ్మంది. నిలబడి కాఫీ తాగుతూ తండ్రి చనిపోయిన సంగతి చెప్పింది.

రాజీనామా తరువాత ఆయన యూరప్‌లో ఆమె ఉండే ఊరికి మారిపోయారట. చిన్న ఊరు, ఎవరికీ ఆయన తెలియదు. ఇంటి దగ్గర పచారీ కొట్టు ముందు ఒక బెంచీ ఉంది. దాని మీద రోజూ నలుగురైదుగురు ముసలివాళ్ళు కూర్చుంటారు. కరాచీ నుంచి వచ్చినవాళ్ళు, విభజనప్పుడు ఇండియా వదిలిన కుటుంబాల ఉర్దూవాళ్ళు. జీవితమంతా ఈయన ఎవరిని పరాయివాళ్ళన్నారో అచ్చంగా వాళ్ళే. మొదట్లో వాళ్ళను తప్పించుకోవడానికి రోడ్డు దాటి అవతలి పక్క నడిచేవారట. ఇంట్లో కూతురితో సింధీ ఉంది, కానీ అది అన్నానికీ మందులకీ సరిపోయేటంత. పోట్లాడటానికి, జోకులకు, ప్రభుత్వాన్ని తిట్టడానికి చాలదు. ఒక చలికాలం రోడ్డు మంచుతో జారుతోందని ఇటు పక్కనే నడిచారు. ఒకాయన జరిగి చోటిచ్చాడు. ఆ తరువాత చివరి దాకా అక్కడే కూర్చున్నారు. తానెవరో ఎప్పుడూ చెప్పలేదు.

"ఖననం రోజున పార్టీవాళ్ళు రెండు గుంపులూ వచ్చారు" అంది. "విడివిడిగా. రెండు జెండాలు. బెంచీవాళ్ళు కూడా వచ్చారు, అందరూ. వీళ్ళెవరని పార్టీవాళ్ళు, వాళ్ళెవరని బెంచీవాళ్ళు. అన్నీ అయిపోయాక బెంచీలో అందరికంటే పెద్దాయన నా దగ్గరికి వచ్చి, 'బిడ్డా, మీ నాన్నగారి ఉర్దూ ఎంత చక్కటిది! ఈ రోజుల్లో అలాంటిది వినబడదు. అడుగుదామని ఎప్పటినుంచో అనుకుంటున్నాం, మీవాళ్ళు ఇండియాలో ఏ ఊరి నుంచి వచ్చారు?' అన్నారు."

"మీరేమన్నారు?"

ఆమె కాఫీ లోటా గట్టు మీద పెట్టింది.

"పక్కనే పార్టీవాళ్ళు వింటున్నారు. బెంగళూరు నుంచి అన్నాను."

ఆ పెద్దాయన తృప్తిగా తల ఊపి, నేను అనుకుంటూనే ఉన్నాను అన్నారట.